పోనీలే

పదకొండున్నర దాటింది. మావయ్యగారి దగ్గు కూడా సద్దుమణిగింది. ఇంట్లో నేనొక్కదాన్నే మెలకువగా ఉన్నాను. మూడంటే మూడు అక్షరాల మాట ఒకటి మధ్యాహ్నం నుంచి జోరీగలా చెవి దగ్గరే తిరుగుతోంది. రాసేస్తే పోతుందేమో చూద్దాం.

ఇవాళ పాతపట్నం వెళ్ళాం. చినమావయ్యగారింట్లో సత్యనారాయణ వ్రతం. ఆటోలో కాసేపటి ప్రయాణానికి మా ఆయన నిన్నటి నుంచి హడావుడి చేశారు. రాష్ట్రం దాటుతున్నామన్న మాటే గాని ఒడిశాలోని మా పర్లాకిమిడి వాళ్ళకి ఆంధ్రాలోని పాతపట్నం పక్క వీధి కిందే లెక్క. చుట్టాల్లో సగం మంది అటు, సగం మంది ఇటు. శుభలేఖలూ, తద్దినం కబుర్లూ, మామిడికాయల బస్తాలూ అన్నీ ఆ రోడ్డు మీదే తిరుగుతుంటాయి.

రెండో బంతిలో కూర్చున్నాం, నేనూ మా చిన్నమ్మాయీ. చినమావయ్యగారు నేతి గిన్నె పట్టుకుని స్వయంగా వడ్డిస్తున్నారు. డెబ్బై దాటినా ఆ ఓపిక ఆయనకే చెల్లింది. మా ఆకుల దగ్గరకొచ్చి వంగి, "ఏటమ్మా, గుంటకి ఎక్కడొచ్చింది సీటు?" అన్నారు. "మన కాలేజీలోనే మావయ్యగారూ. డిగ్రీయే, ప్లస్ త్రీ ఆర్ట్స్, హిస్టరీ ఆనర్స్" అన్నాను. గరిటె ఆకు మీదే ఆగింది. దాని అంచున నేతి బొట్టు ఒకటి జారాలా వద్దా అన్నట్టు వేలాడుతోంది. "ఆర్ట్సా!" అన్నారు. బొట్టు పప్పులో పడింది. చిన్నదాని తల మీద ఎడం చెయ్యి వేసి, "పోనీలే. ఆడపిల్లే కదా, ఊళ్ళోనే ఉంటది" అన్నారు. నేనూ ఏదో జవాబు చెప్పాను. ఆయన పక్క ఆకుకి వెళ్ళిపోయారు.

ఆ తర్వాత గారె తిన్నానో, పరవాన్నం తిన్నానో గుర్తు లేదు.

పోనీలే అని మనం ఎప్పుడంటాం? పాలు పొంగిపోతే అంటాం. బస్సు తప్పిపోతే అంటాం. పిల్లాడి చేతిలో గాజు గ్లాసు పగిలితే, వాడు ఏడుస్తుంటే అంటాం. ఏదో పోతేనే పోనీలే. మా పిల్లకి ఏం పోయింది? సామ్స్‌లో, అంటే మా ఒడిశాలో కాలేజీ సీట్లు ఇచ్చే ఆన్‌లైన్ పద్ధతిలో, మొదటి లిస్టులోనే పేరొచ్చింది. తనకి కావలసిన కాలేజీ, తనకి కావలసిన సబ్జెక్టు. మొన్న రాత్రి ఫోన్లో ఆ లిస్టు చూసి మంచం మీద గెంతింది. అంత సంతోషం మీద ఆయన ఒక్క మాటతో నీళ్ళు చల్లేశారు. పైగా "ఆడపిల్లే కదా" అని దానికో తోక.

ఆటోలో వస్తూ మా ఆయనతో అన్నాను. "పెద్దాయన, ఏదో అన్నారు. పోనీలే" అన్నారు. ఆయన నోటా అదే మాట! ఇల్లు చేరేదాకా మళ్ళీ మాట్లాడలేదు నేను.

సాయంత్రం గిన్నెలు కడుగుతున్నంతసేపూ చినమావయ్యగారికి చెప్పాల్సిన జవాబులు ఒక్కొక్కటే వస్తున్నాయి. ఇది అల్లాటప్పా కాలేజీ కాదండీ, 1896 నుంచీ ఉన్న కాలేజీ అని చెప్పాల్సింది. శ్రీకృష్ణచంద్ర గజపతి కాలేజీ అనే పేరు తర్వాత వచ్చింది గాని, అంతకుముందు రాజావారి స్కూలుగా ఉన్నప్పుడే, 1880లో, గిడుగు రామమూర్తిగారు ముప్ఫై రూపాయల జీతానికి అందులో చరిత్ర మాస్టారుగా చేరారు. ఉద్యోగం చేసుకుంటూనే చదువుకుని, చరిత్ర ప్రధానంగా బి.ఎ. పూర్తి చేశారు. స్కూలు కాలేజీ అయ్యాక కాలేజీ క్లాసులకీ చెప్పి 1911లో రిటైరయ్యారు. ఈ రోజు మనం నోటితో మాట్లాడుకునే తెలుగునే కాగితం మీద పెట్టుకుంటున్నామంటే, ఈ డైరీ నేను ఇలా రాసుకోగలుగుతున్నానంటే, ఆయన పడ్డ పాటే కారణం. ఆగస్టు 29న ఊరూరా దండలు వేస్తారు కదా, ఆ మనిషి మా ఊరి హిస్టరీ మాస్టారు.

ఆయన సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు ఒకలా అయిపోతుంది. సవర భాష నేర్చుకోవాలని తెలుగు వచ్చిన సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని, అన్నం పెట్టి, మాట మాట అడిగి రాసుకున్నారట. కొండ గూడేలు తిరిగితే మలేరియా పట్టుకుంది. దానికి వేసుకున్న క్వినైనుకి చెవులు దెబ్బతిన్నాయి. జనం నోటిమాట కోసం బతుకంతా పోరాడిన మనిషికి ఆ మాటే సరిగా వినపడకుండా పోయింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో కలిసినప్పుడు, డెబ్బై దాటిన వయసులో ఊరు విడిచి రాజమండ్రి వెళ్ళిపోయారు. మనం ఉండిపోయాం.

ఇంకా చెప్పాల్సింది. బరంపురంలో పుట్టి, అక్కడి ఖల్లికోట కాలేజీలో చదివిన వి.వి.గిరిగారు 1969లో రాష్ట్రపతి అయ్యారండీ, ఆయనేం ఇంజనీరింగ్ చదవలేదండీ అని. ఇవన్నీ గిన్నెల దగ్గర తోచాయి. ఆకు ముందు ఒక్కటీ తోచలేదు.

అలమరలో తాతగారి ఫైలు ఉంది, తీశాను. తాతగారి ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ మీద ఆంధ్రా యూనివర్సిటీ పేరు. ఒరిస్సా వచ్చాక కూడా కొన్నేళ్ళు పరీక్షలు వాల్తేరు వాళ్ళవే. నాన్నగారి బి.ఎ. పట్టా మీద ఉత్కళ యూనివర్సిటీ. నాది బరంపురం యూనివర్సిటీ, అది 1967లో వచ్చింది. ముగ్గురం నడిచింది ఒకే వరండా. యూనివర్సిటీలు మారాయి, ప్రభుత్వాలు మారాయి. నేను ప్లస్ త్రీలో చేరినప్పుడు మాది గంజాం జిల్లా. ఫైనలియర్‌లో ఉండగా 1992 అక్టోబరు 2న గజపతి జిల్లా అయింది. రాత్రికి రాత్రి అడ్రసు మారిపోయినా అదే బెంచి మీద కూర్చుని అదే పాఠం రాసుకున్నాం. ఇప్పుడు నాలుగో మనిషి వెళ్తోంది. ఇందులో పోయిందేముంది?

ఫైలులో తాతగారి కాగితాల కింద గోడపత్రిక ముక్క ఒకటి కనిపించింది. చింపి పారేశాననుకున్నాను.

ఒడిశాలో చదివిన వాళ్ళకి చెప్పక్కర్లేదు, కాలేజీలో శ్రీపంచమి అంటే ఏమిటో. మాకు వార్షికోత్సవం కంటే, ఎలక్షన్ల కంటే సరస్వతీ పూజే పెద్ద పండగ. వారం ముందు నుంచీ చందాలు, రంగు కాగితాల తోరణాలు. ఆ రోజు అమ్మాయిలందరం అమ్మల చీరలు కట్టుకుని, నడవడం చేతకాక కుచ్చిళ్ళు పట్టుకుని వచ్చేవాళ్ళం. పుస్తకాలు అమ్మవారి పాదాల దగ్గర పెట్టేస్తే మర్నాటి దాకా ముట్టుకోకూడదు. ఆ ఒక్క రోజూ చదవమని ఎవరూ అనరు. ఖెచుడీ, డాల్మా ఒడియా పిల్లల పూచీ, పులిహోర మా తెలుగు పిల్లల పూచీ. టెక్కలి వైపు నుంచి చిన్న రైల్లో వచ్చే పిల్లలు నిమ్మకాయలు తెచ్చేవారు. చింతపండుదా నిమ్మకాయదా అని ఏటా గొడవే. ఆ రైలు 1900లో వచ్చింది, రాజావారే వేయించారు. దాని కూత విని టైము చెప్పేవాళ్ళం. ఇప్పుడు పెద్ద పట్టాలు పడ్డాయి, రైలూ పెద్దదే వస్తోంది. మంచిదే. కానీ ఆ కూత లేదు.

పూజ నాడే గోడపత్రిక పెట్టేవాళ్ళం. ఒడియా షీట్లు, ఇంగ్లీషు షీట్లు, చివర ఎంఐఎల్ తెలుగు వాళ్ళవి, అంటే భాషా సబ్జెక్టుగా తెలుగు తీసుకున్న వాళ్ళవి, రెండు షీట్లు. ఆ రెండూ నా బాధ్యత. నా రాత బాగుంటుంది గాని పెద్ద అక్షరాలు గియ్యడం రాదు. నా పక్కన కూర్చునే ఒడియా అమ్మాయి ముగ్గులు అద్భుతంగా పెట్టేది. తెలుగు ఒక్క ముక్క చదవడం రాదు దానికి. "నువ్వు చిన్న కాగితం మీద రాసివ్వు, నేను చూసి బొమ్మలా గీస్తా" అంది. శీర్షిక 'మన కథ'. రాసిచ్చి నేను పులిహోర గొడవకి పోయాను. తిరిగొచ్చేసరికి ఎర్ర స్కెచ్ పెన్నుతో జానెడేసి అక్షరాలు నిగనిగలాడుతున్నాయి. కానీ నాలుగింటికీ తలకట్టు లేదు. తలకట్టు ఉండాల్సిన చోట ఒడియా అక్షరాల మీద ఉండే గుండ్రటి గొడుగు పెట్టేసింది! మ మీద గొడుగు, న మీద గొడుగు, క మీద, థ మీద. ఏదో వానలో నలుగురు నిలబడినట్టుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇంకో చార్టు కొనడానికి డబ్బుల్లేవు, గంటలో పెట్టెయ్యాలి. అది బిక్కమొహం వేసుకుని "తప్పా?" అంటోంది.

తెలుగు మాస్టారు వచ్చి చూశారు. చాలాసేపు చూశారు. "ఉంచెయ్యండి" అన్నారు. "తాటాకు మీద గంటంతో సూటిగీత గీస్తే ఆకు చీలిపోతుంది. అందుకే మీ అక్షరాలూ గుండ్రమే, మా అక్షరాలూ గుండ్రమే. ఒకే ఆకు మీద పెరిగిన పిల్లలు" అని దానికి ఒడియాలో, నాకు తెలుగులో చెప్పారు. మైదా జిగురు రాసి అలాగే అతికించేశాం. ఆ ఏడాది ఒడియా పిల్లలందరూ మా షీటు దగ్గరే గుమిగూడారు, తమ గొడుగులు వెతుక్కుంటూ. ఆ అమ్మాయి ఇప్పుడు రాయగడలో టీచరు. 'క' ఒక్కటి చింపి దాచుకున్నాను. అదే ఇవాళ దొరికింది. ఎరుపు వెలిసి గులాబీ రంగుకొచ్చింది. గొడుగు మాత్రం చెక్కుచెదరలేదు.

ఇక్కడిదాకా రాసి అసలు సంగతి రాయకుండా పడుకోవచ్చు. కానీ పడుకోలేను.

తొమ్మిదింటికి చిన్నది ఆరేసిన బట్టలు మడత పెడుతోంది. పక్కన కూర్చుని, "తాతగారి మాట పట్టించుకోకమ్మా, ఆయనకి తెలీదు" అన్నాను. అది తల ఎత్తలేదు. "తాతగారు అన్నదానికి నాకేం అనిపించలేదమ్మా. నువ్వన్నదానికి అనిపించింది" అంది.

"నేనేమన్నాను?"

"ఇంజనీరింగ్‌కి ర్యాంకు రాలేదు మావయ్యగారూ అన్నావు. నేను జేఈఈ రాయనే లేదు కదా."

గొంతులో కోపం కూడా లేదు దానికి. దిండు గలీబు నాలుగు మడతలు పెట్టి, పైన చేత్తో ఒత్తి, ఇంకోటి తీసుకుంది.

అవును, అన్నాను. మధ్యాహ్నం నుంచీ ఆ ముక్క నాకు గుర్తు లేదా, గుర్తు రానివ్వలేదా? ప్లస్ టూ సైన్సులో మంచి మార్కులొస్తున్నప్పుడు, జేఈఈ ఫారం ఫీజు మా ఆయన చేతిలో పెడితే, "నాకొద్దు నాన్నా, నేను హిస్టరీ చదువుతా" అని వెనక్కిచ్చిన పిల్ల ఇది. ఆ పిల్లని పదిమందిలో పరీక్ష తప్పినదాన్ని చేసి కూర్చోబెట్టాను. ఆయన పోనీలే అన్నది ఆర్ట్స్‌ని కాదేమో. నా మొహం చూసి అన్నారేమో. హిస్టరీ అని చెప్తున్నప్పుడు నా గొంతే ఎక్కడో తగ్గి ఉంటుంది. పెద్దాయన, ఓదార్చారు.

గిడుగువారినీ గిరిగారినీ పిలుచుకుని సాయంత్రమంతా వాదించింది కూడా అందుకేనేమో అనిపిస్తోంది ఇప్పుడు. మా పిల్ల గిడుగు కానక్కర్లేదు, రాష్ట్రపతి కానక్కర్లేదు. చదవాలనుంది, చదువుతుంది. అది సరిపోదా? నేను చదివినప్పుడు నాకు సరిపోయింది కదా. గొడుగు పెట్టిన 'క' ఎందుకు దాచుకున్నావంటే ఏం చెప్తాను?

అయినా "ఆడపిల్లే కదా" అన్న మాటకి మాత్రం ఆయన మీద కోపం తగ్గలేదు. అది అలాగే ఉంది.

దాని గది లైటు ఇప్పుడే ఆరింది. వెళ్ళి క్షమించమని అడుగుదామని రెండుసార్లు లేచాను. రెండుసార్లూ తలుపు దాకా వెళ్ళి వెనక్కొచ్చాను.

రేపు పదింటికి అడ్మిషన్. సీఎల్‌సీ (కాలేజీ లీవింగ్ సర్టిఫికెట్), మార్కుల షీటు, కాండక్ట్ సర్టిఫికెట్, ఫొటోలు నాలుగు, అన్నీ నీలం ఫైలులో సర్దాను. చిన్నది పొద్దున్న తెరుస్తుంది గదా, కనపడేలా అన్నిటికంటే పైన ఆ గులాబీ రంగు 'క' పెట్టాను.