నవ్వాలంటే చదవాల్సిందే

ఇంగ్లిష్ చదవడం నేర్చుకునే రోజుల్లో మా అమ్మాయి 'నైఫ్'లో కె ఎందుకుందని నాతో పోట్లాటకు దిగేది. స్పెల్లింగులు బట్టీ పట్టి గట్టెక్కిన దాన్ని, నేనేం చెప్పను? ఇక్కడి లైబ్రరీలో 'ది ఎలక్ట్రిక్ కంపెనీ' పాత డీవీడీలు కనిపిస్తే తెచ్చాను.

'సెసమీ స్ట్రీట్' అనే అమెరికా పిల్లల టీవీ షో తీసినవాళ్లే 1971లో మొదలుపెట్టిన కార్యక్రమమది. అక్షరాలు వచ్చినా చదవడం దగ్గర తడబడే ఏడు నుంచి పదేళ్ల పిల్లల కోసం తీశారు. 1977 దాకా కొత్త ఎపిసోడ్లు వచ్చాయి. సినిమాల్లో అంత గంభీరంగా ఉండే మోర్గన్ ఫ్రీమన్, ఇందులో కంటపడ్డ ప్రతి కాగితమూ చదివేసే 'ఈజీ రీడర్'! చివర పలకని 'ఇ' వచ్చి చేరితే 'క్యాన్' కాస్తా 'కేన్' ఎలా అవుతుందో హాస్య గీతాలు రాసే టామ్ లేరర్ పాట కట్టి చెప్పాడు. నాకు ఏ టీచరూ అంత హాయిగా చెప్పలేదు.

మా అమ్మాయికి నచ్చింది మాత్రం 1974లో వచ్చి చేరిన స్పైడర్‌మ్యాన్. అతను నోరు విప్పడు. మాటలన్నీ తల పక్కన బుడగలో అక్షరాలుగా వస్తాయి. జోకు అర్థం కావాలంటే చదువుకోవాల్సిందే.

తెలుగుకి ఈ అవసరమే లేకుండా పోయింది. వారాంతపు క్లాసులో గుణింతాలు బాగానే చెబుతారు, వల్లె వేస్తే వస్తాయి కూడా. కానీ మన ఊళ్లోలాగా బస్సు మీదా, కిరాణా కొట్టు బోర్డు మీదా తెలుగు కనబడదు కదా, చదివేదేముంది?

అందుకని ఊళ్లో ఉన్న మా అమ్మతో వీడియో కాల్‌లో స్పైడర్‌మ్యాన్ ఆట పెట్టాం. నోటితో చెప్పకూడదు, రాసి చూపించాలి. పిల్ల మొదటిసారి 'అమమ కత చపు' అని రాసి చూపింది. మా అమ్మ కళ్లజోడు సవరించుకుని, ఉన్నది ఉన్నట్టు "అమమా... కతా... చపూ" అని రాగం తీసింది. పిల్ల పడీపడీ నవ్వి, కాగితం లాక్కుని మ కింద వత్తు పెట్టింది, 'చపు'ని 'చెప్పు' చేసింది. 'కథ' ఇంకో వారానికి గానీ కుదరలేదు.

ఇప్పుడు అమ్మ కూడా అట్టముక్క మీద రాసి చూపిస్తోంది. మొన్న చూపించింది: 'హోంవర్క్ అయ్యాకే కథ'. మా అమ్మాయి చదవడం రానట్టు మొహం పెట్టింది.