ప్రొజెక్టర్ దగ్గర నిలబెట్టిన సార్జెంట్

బ్రిగేడ్ హెడ్‌క్వార్టర్స్‌లో దళాల కదలికలు ప్లాన్ చేసి ఆర్డర్లు రాసే ఆపరేషన్స్ సెక్షన్‌కి కెప్టెన్‌గా వెళ్లినప్పుడు నా కింద ముగ్గురు సార్జెంట్లు ఉన్నారు. మొదటి నాలుగు నెలలు వాళ్లతో నేను చేయించిన పనులు చెప్పుకోవాలంటే సిగ్గేస్తుంది. మ్యాపులు ప్రింటు తీయించడం, ప్రొజెక్టర్ పెట్టించడం, కుర్చీలకు పేర్లు అంటించడం. వాళ్లలో పెద్దాయనది 18 ఏళ్ల సర్వీసు, అదీ ఎక్కువగా రైఫిల్ కంపెనీల్లో, అంటే తుపాకీ పట్టి పోరాడే దళాల్లో. నాది ఏడేళ్లు. ఆయన నన్ను ‘సార్’ అనేవారు, నేను ‘సార్జెంట్, ఆ కేబుల్ ఒకసారి చూడండి’ అనేవాణ్ణి.

నా కళ్లు తెరిపించింది ఒక ఎక్సర్‌సైజ్. రాత్రిపూట 60 బండ్లు ఇంజనీర్లు వేసిన తాత్కాలిక వంతెన దాటి, తెల్లారేలోగా అవతలి అడవిలోకి చేరాలి. లెక్క నేనే వేశాను. బండికీ బండికీ 100 మీటర్ల దూరం అంటే కాన్వాయ్ పొడవు 6 కిలోమీటర్లు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్తే మొత్తం 12 నిమిషాల్లో దాటేస్తుంది. స్లైడు మీద చాలా అందంగా ఉంది. తీరా చూస్తే, ఆ వంతెన మీదికి ఒకసారికి ఒక్క బండినే వదులుతారు. ముందు ఒకడు టార్చి పట్టుకుని నడవాలి. బండికి నిమిషంన్నర చొప్పున 60 బండ్లకు గంటన్నర. ఆఖరి బండి దాటేసరికి బాగా తెల్లారిపోయింది.

తర్వాత పెద్ద సార్జెంట్‌ని అడిగాను, మీకు ముందే తెలుసా అని. ‘తెలుసు సార్. ఇలాంటి వంతెనలు నాలుగైదు దాటించాను. ఆ రోజు గదిలోనే ఉన్నాను, ఎవరూ అడగలేదు’ అన్నారు. గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. అదే ఎక్కువ బాధేసింది.

అప్పుడు అందరూ చేసే పనే నేనూ చేశాను. ఆయనకి టేబుల్ దగ్గర కుర్చీ వేయించాను. ఏమీ మారలేదు. కమాండర్ ముందు ఒక మేజర్ లెక్క తప్పని ఏ సార్జెంటూ అనడు, అనాలని ఆశించడం కూడా న్యాయం కాదు. కాబట్టి పద్ధతి మార్చాను. డ్రాఫ్ట్ ఆర్డర్ కమాండర్ దగ్గరికి వెళ్లేముందు 20 నిమిషాలు ఆయన చేతిలో ఉంటుంది, ఎర్ర పెన్నుతో సహా. నేను అడిగేది ఒక్కటే: ఈ కాగితం కంపెనీకి చేరాక అక్కడి సార్జెంట్ ఏం అడుగుతాడు? మొదటిసారే 11 ప్రశ్నలు వచ్చాయి. డీజిల్ ఎక్కడ పోస్తారు, గాయపడ్డవాణ్ణి ఏ బండిలో వెనక్కి పంపుతారు, దారి చూపడానికి నిలబెట్టిన మనుషుల్ని ఎవరు తిరిగి ఎక్కించుకుంటారు. ఈ చివరిది మాలో ఒక్కరికీ తట్టలేదు.

రెండోది టైము. పై హెడ్‌క్వార్టర్స్ ఉన్న సమయంలో మూడో వంతు మాత్రమే వాడుకుని, మిగతా రెండు వంతులు కింది యూనిట్లకు వదలాలన్నది స్టాఫ్‌లో అందరికీ తెలిసిన సూత్రం. 24 గంటలుంటే మాకు ఎనిమిదే. ఆ ఎక్సర్‌సైజ్‌లో మేం 13 తినేశాం, చాలావరకు స్లైడ్లకే. టైము కాపలా ఈయనకి అప్పగిద్దాం అంటే మా మేజర్ నవ్వారు: ‘మీటింగ్ ఆపే అధికారం ఇస్తే ముందు నన్నే ఆపుతాడు.’ రెండో రోజే ఆపారు. మేజర్ మొహం ఎర్రబడింది గానీ పెన్ను కింద పెట్టారు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఉత్సాహంలో ఆయన్ని ఆర్డర్‌కి జతచేసే ఒక అనుబంధం మొత్తం రాయమన్నాను. రెండు రోజులు తలపట్టుకున్నారు. ఆర్డర్ల భాష, ఆ పొడి అక్షరాలు నేర్చుకుంటే తప్ప రావు. అమెరికా సైన్యం 1972లో ఫోర్ట్ బ్లిస్‌లో సార్జెంట్ మేజర్ల కోసం ఒక అకాడమీయే పెట్టింది. మేం మాత్రం కంపెనీ నుంచి తెచ్చి సరాసరి కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాం. చివరికి ఆ రాత పని ముగ్గురిలో చిన్నవాడికి బాగా అబ్బింది. నైట్ షిఫ్ట్ దిగేటప్పుడు ‘గత 12 గంటల్లో ఏం మారింది, ఏ నిర్ణయం పెండింగ్‌లో ఉంది’ అని అతను రాసిపెట్టే అరపేజీ చదివితే లాగ్ బుక్ తిరగేయక్కర్లేదు.

ఇక ఫోన్ల సంగతి. మా బ్రిగేడ్ కింద ఉన్న ఒక బెటాలియన్ రిపోర్టులో ఇంధనం బండ్లన్నీ బాగున్నాయని ఉంది. మా రెండో సార్జెంట్ అక్కడి సప్లై సార్జెంట్‌కి ఫోన్ చేస్తే రెండు ట్యాంకర్ల పంపులు పనిచేయడం లేదని తేలింది. నేను ఎగిరి గంతేసి, ఆ విషయం అలాగే సాయంత్రం బ్రీఫింగ్‌లో చెప్పేశాను. ఆ బెటాలియన్ కమాండర్‌కి నా మీద కోపం వచ్చింది, రావాల్సిందే. మాకు మాట చెప్పిన పాపానికి అక్కడి సార్జెంట్ చీవాట్లు తిన్నాడు. మూడు వారాలు మా వాడి ఫోన్ ఎవరూ ఎత్తలేదు. అప్పటినుంచి అలా తెలిసింది ఏదైనా ముందు ఆ బెటాలియన్ ఆపరేషన్స్ ఆఫీసర్‌కి చెప్పి, ఆయన సరిచేసిన రిపోర్టు పంపాకే వాడతాను.

పెద్ద సార్జెంట్ బదిలీ మీద వెళ్తూ ఒక జేబు నోట్‌బుక్ ఇచ్చారు. చీకట్లో టెంట్లు విప్పడానికి ఎంతసేపు, 60 బండ్లకు డీజిల్ పట్టడానికి ఎంత, ఒక ప్లాటూన్ (కంపెనీలోని చిన్న దళం) లేచి బండెక్కడానికి ఎంత, అన్నీ నిమిషాల్లో. వాటిని సెక్షన్ పద్ధతుల పుస్తకంలోకి ఎక్కించాం. ఈ మధ్యే చిన్న సార్జెంట్ వచ్చి, అందులో మూడు అంకెలు పాత బండ్లవి సార్, మళ్లీ కొలవాలి అన్నాడు. స్టాప్‌వాచ్ ఇచ్చి పంపాను.