పిల్లలు క్యారమ్స్ బోర్డు దగ్గర కుదురుగా కూర్చోవాలంటే

క్యారమ్స్ నేర్పుదామని కూర్చోబెడితే పావుగంటకే లేచిపోతున్నారా? ఫోన్‌ను తిట్టే ముందు బోర్డు చూడండి. నునుపు పోయిన బోర్డు మీద పెద్దవాళ్లు బలం పెట్టి ఎలాగో లాక్కొస్తారు. తొమ్మిదేళ్ల వేలికి అంత బలమెక్కడిది? స్ట్రైకర్ సగం దారిలో ఆగిపోతుంటే ఆట మీద మనసు విరిగిపోతుంది. 15 గ్రాముల స్ట్రైకర్‌ను శక్తికొద్దీ కొడితే బోర్డు మీద అటూ ఇటూ కనీసం మూడున్నర సార్లు తిరగాలి. అంతర్జాతీయ నియమాలు చెప్పే పరీక్ష ఇదే.

తిరగకపోతే పొడి నూలుగుడ్డతో తుడిచి, చిటికెడు బోరిక్ పౌడర్ చల్లండి. గుప్పెళ్లతో పోస్తే అది కాయిన్ల ముందు గుట్టకట్టి దారి తప్పిస్తుంది. తడిగుడ్డ అసలు వద్దు, ప్లైవుడ్ ఉబ్బుతుంది. బోరిక్ పౌడర్ కడుపులోకి పోకూడదు కాబట్టి ఆట అవగానే చేతులు కడిగించాలి. నోట్లో వేలు పెట్టుకునే వయసువాళ్లుంటే పౌడరే మానేయండి.

పోటీల్లో స్టాండ్ ఎత్తు 63 నుంచి 70 సెంటీమీటర్లు. ఆ ఎత్తులో బోర్డు చిన్నపిల్లల ఛాతీ దాకా వస్తుంది. మోచెయ్యి ఫ్రేమ్ కన్నా పైకి వచ్చేలా కుర్చీలో దిండు వేస్తే చాలు.

తర్వాత గోరు నొప్పి. చాలామంది దీన్ని పట్టించుకోరు గానీ, సగం మంది పిల్లలు మానేసేది ఇక్కడేనని నా అనుమానం. వేలిని దూరం నుంచి తెచ్చి కొడితే గోరు చుర్రుమంటుంది. గోరును స్ట్రైకర్‌కు దాదాపు తాకేంత దగ్గరగా ఉంచి, అక్కడి నుంచే వేలు చాపమనండి. మణికట్టు కదలకూడదు.

మొదటి రోజే 19 కాయిన్లూ పేర్చకండి, ఐదు చాలు. పాకెట్ నోటి దగ్గర కాయిన్ పెట్టి కొట్టమంటే తేలిక అనిపిస్తుంది గానీ అందులో ఒక చిక్కుంది. పాకెట్ వెడల్పు 4.45 సెంటీమీటర్లు, స్ట్రైకర్ 4.13 దాకా ఉండొచ్చు. సూటిగా గట్టిగా కొడితే కాయిన్ వెనకే స్ట్రైకరూ పడిపోతుంది. అందుకే కాయిన్‌ను ఒక జానెడు వెనక్కి జరిపి, మెల్లగా కొట్టమనండి. స్ట్రైకర్ పడినా ఇప్పుడే ఫైన్‌గా కాయిన్ వెనక్కి పెట్టమనకండి, వంతు పోతే చాలు. ఎర్ర కాయిన్‌ను, అంటే రెడ్‌ను మాత్రం బోర్డు మీంచి తీసేయొద్దు. పిల్లల కళ్లన్నీ దాని మీదే. రెడ్ వేశాక వెంటనే తమ కాయిన్ ఒకటి వేసి దాన్ని కవర్ చేయాలన్న నియమం కూడా వాళ్లకు భలే నచ్చుతుంది. 22 పాయింట్లకు చేరాక రెడ్‌కు 3 పాయింట్లు రావన్న సంగతి మరో వారం తర్వాత చెప్పొచ్చు.

ఆట వచ్చినవాళ్లు వరసగా ఏడెనిమిది వేసేస్తే ఎదుటి పిల్లాడు దిక్కులు చూస్తాడు. వాళ్లను ఎడమచేత్తో ఆడమనండి, లేదా డబుల్స్‌లో కొత్తవాళ్లకు జోడీగా ఎదురుగా కూర్చోబెట్టండి.

యాప్‌లో ఆడి వచ్చినవాళ్లకు అక్కడ గీత దారి చూపిస్తుంది, ఇక్కడ చూపదు. ఇక్కడ దారి చూపాలంటే రెండో స్ట్రైకర్ కావాలి. పాకెట్‌కు సరిగ్గా అవతలి వైపు, కాయిన్‌కు ఆనించి దాన్ని పెట్టండి. దాని నడిమధ్య ఎక్కడుందో పిల్లలను వేలితో చూపించమని, తీసేయండి. ఇక చేతిలోని స్ట్రైకర్ నడిమధ్య ఆ చోటికే వెళ్లాలి, కాయిన్ మధ్యకు కాదు.