చివరి పంటు

ప్రయాణ పురస్కారం వచ్చిందని ఫోన్ చేసి చెబితే మా అమ్మ అడిగిన మొదటి మాట: "అయితే ముందు ఎవురు పెట్టుకోవల్ల?"

నిజమే, ముందు నేనే పెట్టుకోవాలి. తిరిగొచ్చాక టికెట్లు, బిల్లులు పంపితే డబ్బు వెనక్కిస్తారు. చాలా ఏళ్లు ఆసుపత్రుల నిర్వహణలో పనిచేసి పోయిన ఒక పెద్దాయన పేరిట ఆయన కుటుంబం, శిష్యులు కలిసి పెట్టిన పురస్కారం అది. ఉద్యోగంలో చేరి ఐదేళ్లు దాటని ఆసుపత్రి అడ్మినిస్ట్రేటర్లకే ఇస్తారు. సదస్సులో మన పేపరు ఎంపికై ఉండాలి, పై అధికారి ఉత్తరం జతచేయాలి, వచ్చాక రెండు పేజీల నివేదిక రాయాలి. డాక్టర్లకు ఇలాంటివి బోలెడుంటాయి. లిఫ్టు ఆగినా, బిల్లు పెరిగినా, క్యాంటీన్ సాంబారు పులిసినా తిట్లు తినే మాలాంటి వాళ్లకు దొరకడం అరుదు. అందుకే అప్పు చేసైనా వెళ్దామనుకున్నాను.

నవంబరులో ఒక సాయంత్రం అనంతపురంలో ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. కొవ్వూరు దాటేసరికి తెల్లారింది. పై బెర్తాయన రూపాయి బిళ్ల కోసం జేబులు తడుముకుంటూ తలుపు దగ్గరకు పరుగెత్తాడు. ఎందుకో అర్థమయ్యేలోపే రైలు వంతెన ఎక్కింది. మా పెన్నలో ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే కనిపిస్తుంది. ఇక్కడ నిమిషాలు గడుస్తున్నా నీళ్లు అయిపోవడం లేదు. నేనూ ఒక బిళ్ల వేశాను. దానికి రసీదు లేదు.

రాజమండ్రిలో సదస్సు రెండు రోజులు. ఉపన్యాసాల గురించి చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. భోజనంలో పనసపొట్టు కూర మాత్రం గుర్తుంది. నా పేపరు డిశ్చార్జి ఆలస్యం మీద. పొద్దున రౌండ్లలో డాక్టరు "ఇంటికెళ్లొచ్చు" అని రాస్తారు. సమ్మరీ టైపు కావాలి, మిగిలిన మందులు ఫార్మసీకి వెనక్కి వెళ్లాలి, బిల్లు సరిచూడాలి, ఇన్సూరెన్సు వాళ్ల ఆమోదం రావాలి. బెడ్డు ఖాళీ అయ్యేసరికి సాయంత్రమవుతుంది. ఈలోగా క్యాజువాలిటీలో ఇంకొకరు స్ట్రెచర్ మీద ఎదురుచూస్తుంటారు. నెల రోజులు గడియారం పట్టుకుని కొలిచిన లెక్కలన్నీ స్లైడ్ల మీద పెట్టాను. బాగానే చెప్పాననుకున్నాను.

వెనక వరుసలోంచి ఒకావిడ లేచారు. కోనసీమలో ఒక ఆసుపత్రికి నర్సింగ్ సూపరింటెండెంటట.

"బెడ్డు ఎప్పుడు ఖాళీ అయిందో చెప్పారు, బానే ఉందండీ. ఆ మనిషి ఇంటికి ఎప్పుడు చేరాడో రాశారా? సాయంత్రం పంపిస్తే మావాళ్లకి చివరి పంటు ఎల్లిపోద్ది కదండీ."

పంటు అంటే ఏమిటో నాకు తెలియదు. ఆ మాటే చెప్పాను. హాలంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. "రేపు ఆదివారమే కదా, మాతో రండి. చూద్దురుగాని," అన్నారు.

మర్నాడు వాళ్ల అబ్బాయి కారులో బయల్దేరాం. ధవళేశ్వరంలో కాసేపు ఆగాం. కాటన్ 1852 నాటికి ఆనకట్ట పూర్తిచేసిన చోటు. ఇప్పుడున్నది దాని తర్వాత కట్టిన బ్యారేజీ. నేను ఫొటోలు తీసుకుంటుంటే ఆవిడ అంకెలు చెబుతున్నారు. ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. "మీరు బెడ్లు లెక్కపెట్టుకుంటారు. మేం వరదల్లో టీవీ ముందు క్యూసెక్కులు లెక్కపెట్టుకుంటాం బాబూ." మొదటి హెచ్చరిక రాకముందే గోదావరి నడుమ ఉన్న లంక గ్రామాల్లో నెలలు నిండిన గర్భిణుల పేర్లు రాసుకుని, వాళ్లను ముందే ఆసుపత్రికి తెచ్చేస్తారట. నీళ్లొచ్చాక నొప్పులొస్తే పడవే గతి.

కడియం నర్సరీలు, ద్రాక్షారామం గోపురం కారు అద్దంలోంచే చూశాను. కోటిపల్లి రేవులో దిగితే ఎదురుగా గోదావరి పాయ గౌతమి. పంటు అంటే చదునైన పెద్ద పడవ. బైకులు, ఒక ఆటో, అరటి గెలలు, ఆ తర్వాత మా కారు ఎక్కాయి. అవతలి గట్టు ముక్తేశ్వరం. ఇది దొరక్కపోతే అమలాపురం వైపు పోవడానికి ఇటు రావులపాలెం మీదుగానో, అటు యానాం, ఎదుర్లంక మీదుగానో చుట్టు తిరగాలి.

రెయిలింగు పక్కన ఒకాయన ఎక్స్-రే కవరు చంకలో పెట్టుకుని నిలబడ్డాడు. కథకు పనికొస్తుందని కల్పించడం లేదు. సూపరింటెండెంటు గారే పలకరించారు.

"నిన్నే పొమ్మన్నారండీ. కాయితాలు వచ్చేసరికి చీకటి పడిపోయింది. రాత్రి ఆ వరండాలోనే పడుకున్నాం," అన్నాడాయన. మొహంలో కోపం కూడా లేదు.

ఏ ఆసుపత్రి అని ఆవిడ అడగలేదు. నేనూ అడగలేదు. మా ఆసుపత్రి వరండా గుర్తొచ్చింది. అక్కడా రాత్రిళ్లు దుప్పట్లు కనిపిస్తాయి. వాళ్లంతా లోపలున్న రోగుల తాలూకు మనుషులే అనుకునేవాణ్ణి.

తిరిగొచ్చాక బిల్లులు పంపితే రైలు, బస డబ్బులు నెలన్నరకు వచ్చాయి. పంటు టికెట్టు మాత్రం సదస్సు దారిలోది కాదని వెనక్కి పంపారు. నివేదికలో రెండో పేజీ మొత్తం దాని గురించే రాశాను. పురస్కారం వాళ్లు ఏమీ అనలేదు.

మా డిశ్చార్జి ఫారంలో ఇప్పుడు ఒక గడి పెరిగింది: "మీ ఊరికి చివరి బస్సు ఎన్నింటికి?" దూరం ఊళ్ల వాళ్ల కాగితాలు ముందు కదలాలని ఉద్దేశం. బిల్లింగ్ కౌంటరు అమ్మాయి, "ఇది కూడా మేమే అడగాలా సార్?" అంది. మొదటి వారం సగం ఫారాల్లో ఆ గడి ఖాళీగానే వచ్చింది. రెండో వారం నుంచి నేనే వార్డులో తిరిగి అడగడం మొదలుపెట్టాను.