జీరో మళ్లీ పైకెక్కింది: .44 రివాల్వరు మీద స్కోపు నిలబెట్టే ప్రయత్నం, ఇప్పటివరకు

జీరో, అంటే గురిపెట్టిన చుక్క మీదే తూటా పడేలా స్కోపుని సర్దిన అమరిక, మళ్లీ పైకెక్కింది! స్కోపును తుపాకీకి పట్టే బేస్ కింద ఎపాక్సీ జిగురు వేసి, మరలన్నీ కొత్తగా బిగించి, రాత్రంతా ఆరనిచ్చి రేంజికి తీసుకెళ్తే, 50 గజాల దగ్గర మొదటి సిలిండరు (ఆరు తూటాలు) రెండంగుళాల గ్రూపు (తూటాలు పడ్డ చోట్ల గుంపు) ఇచ్చింది. సరిగ్గా చుక్క మీద. నాలుగో సిలిండరుకి అదే గ్రూపు, అదే సైజులో, అంగుళంపావు పైన కూర్చుంది. గ్రూపు చెదరడం లేదు, చోటు మారుతోంది. ఒళ్లు మండేది అక్కడే. తుపాకీ బాగుంది, తూటా బాగుంది, స్కోపును పట్టుకునే ముక్కొక్కటే మాట వినడం లేదు.

సామాను ఇది: .44 మాగ్నమ్ డబుల్ యాక్షన్ (ట్రిగ్గర్ నొక్కితే హ్యామర్ దానంతట లేచే రకం) రివాల్వరు, ఆరున్నర అంగుళాల బారెల్, వెనక సైటు తీసేసి ఫ్రేము పైపట్టీ రంధ్రాల్లో బిగించే అల్యూమినియం బేస్, రెండు రింగులు, అంగుళం ట్యూబు స్కోపు. తూటా హార్నడీ 240 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలత) ఎక్స్‌టీపీ, డబ్బా మీద సెకనుకి 1350 అడుగుల వేగం అని ఉంటుంది. టెక్సాస్ హిల్ కంట్రీలో ఫీడరు (మేత వేసే పెట్టె) దగ్గరికొచ్చే తెల్లతోక జింకకి ఇది చాలు. 100 గజాల దగ్గర కూడా 600 అడుగు-పౌండ్ల పైన శక్తి మిగులుతుంది. 158 గ్రెయిన్ల .357 (ఇంతకన్నా చిన్న మాగ్నమ్ తూటా) మామూలు లోడు గొట్టం దాటేటప్పుడే సుమారు 550. అందుకే .357తో జింక అంటే 50 గజాల లోపే అని నా గట్టి అభిప్రాయం. .454 కసూల్ మంచి కాట్రిడ్జే, కానీ ఈ సైజు జింకకి అంత అక్కర్లేదు, పైగా స్కోపుకి పడే దెబ్బ ఇంకా ఎక్కువ.

ఇక అసలు రోగం సంగతి.

మొదట అనుమానం ట్యూబు మీద. రివాల్వరు వెనక్కి తన్నినప్పుడు స్కోపు బరువు ఉన్నచోటే ఉండాలని చూస్తుంది, అంటే తుపాకీతో పోలిస్తే ముందుకి, గొట్టం మూతివైపు జారుతుంది. తెల్ల పెయింటు పెన్నుతో ట్యూబు, రింగు రెండింటి మీదుగా సన్నటి గీతలు గీసి కాలిస్తే, రెండు పెట్టెల తూటాల తర్వాత గీత దాదాపు ఒక మిల్లీమీటరు విరిగి కనిపించింది. జారుడు ఉందన్నమాట. రింగుల లోపల అసిటోన్‌తో తుడిచి, వయొలిన్ కమానుకి పూసే రోజిన్ పొడిని పలుచగా చల్లి, రింగు మరల్ని తయారీదారు చెప్పిన 18 అంగుళం-పౌండ్లకి బిగిస్తే జారుడు ఆగిపోయింది. ఇంకో జాగ్రత్త: టరెట్ల (గురి సర్దే గుబ్బల) దగ్గర ట్యూబు ఉబ్బి ఉండే భాగాన్ని ముందు రింగు వెనక అంచుకి ఆనించాలి, అప్పుడు జారాలన్నా దారి ఉండదు. రింగు మరలకి లాక్‌టైట్ (మర వదులవకుండా పట్టే జిగురు) వెయ్యకూడదు. అది తడిగా ఉన్నప్పుడు కందెనలా పనిచేసి, రెంచి చూపే అంకె కన్నా ఎక్కువ బిగుతు పడుతుంది, ట్యూబు నొక్కుకుపోతుంది. నీలం లాక్‌టైట్ బేస్ మరలకే.

గీతలు కదలడం ఆగాయి. జీరో మాత్రం ఎక్కుతూనే ఉంది.

రెండో అనుమానం ఆనిక మీద. రివాల్వరు బారెల్‌ని గట్టి సంచి మీద పెట్టి కాలిస్తే తూటా పైకి పడుతుంది, ఆ తేడా సంచి గట్టితనాన్ని బట్టి మారుతుంది కూడా. ట్రిగ్గర్ గార్డు ముందున్న ఫ్రేము భాగాన్ని మెత్తటి సంచి మీద ఆనించి, రెండు చేతులతో ఒకే పట్టు పట్టి కాల్చినా ఎక్కుడు అలాగే ఉంది. (సిలిండరుకీ బారెల్‌కీ మధ్య సందులోంచి వచ్చే వేడి గ్యాసు సంచిని కోసేస్తుంది. అక్కడ పాత తోలుముక్క పరచండి, వేళ్లు మాత్రం ఎప్పుడూ ఆ దరిదాపుల్లో ఉండకూడదు.)

మూడోది గదులు, అంటే సిలిండరులో తూటాలు పెట్టే రంధ్రాలు. ఆరు గదులకీ మార్కరుతో నంబర్లు వేసి, ఏ గది తూటా ఎక్కడ పడిందో విడిగా రాసుకున్నా. మూడో గది ఎప్పుడూ ముప్పావు అంగుళం కుడికి వేస్తోంది. మంచి సమాచారమే, వేటకెళ్లేటప్పుడు ఆ గదిని ఆఖరికి ఉంచుకోవచ్చు. కానీ పైకెక్కడానికీ దానికీ సంబంధం లేదు, ఆరు గదులూ కలిసే ఎక్కుతున్నాయి.

నాలుగోది గుండు, అంటే తూటాలోంచి ఎగిరే ముక్క, జరగడం. ఐదు కాల్చి, ఆరోదాన్ని బయటికి తీసి క్యాలిపరుతో పొడవు కొలవాలి. క్రింపు (గుండుని పట్టి ఉంచేలా కేసు మూతిని నొక్కడం) వదులైతే తన్నుడుకి గుండు కేసులోంచి ముందుకి వస్తుంది. ముదిరితే సిలిండరు తిరగకుండా అడ్డం పడుతుంది. ఇక్కడ తేడా అంగుళంలో వెయ్యో వంతులు రెండు కూడా లేదు. తూటాని అనుమానించే పని లేదు.

ఐదోది స్కోపు లోపలి భాగాలు. స్కోపు తీసేసి, వేరే తుపాకీ మీద నమ్మకంగా నిలిచిన రెడ్ డాట్‌ని (ఎర్ర చుక్కతో గురి చూపే సైటుని) అదే బేస్ మీద పెడితే అదీ ఎక్కింది, కాకపోతే మెల్లగా. మిగిలింది బేస్ ఒక్కటే.

ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలుచటి ఆకుల కట్ట) తీసి బేస్‌కీ పైపట్టీకీ మధ్య దూరిస్తే, ముందు వైపు ఏ ఆకూ దూరలేదు. వెనక వైపు అంగుళంలో 6 వేల వంతుల (6/1000) ఆకు దూరింది, 7 దూరలేదు. లెక్క కట్టి చూడండి. రింగుల మధ్య దూరం సుమారు 4 అంగుళాలు. వెనక చివర ఒక వెయ్యో వంతు లేస్తే 50 గజాల దగ్గర దాదాపు అర అంగుళం తేడా. ఎపాక్సీ వెయ్యకముందు గ్రూపు దాదాపు మూడంగుళాలు ఎక్కేది. ఆరు వేల వంతుల సందుకి సరిగ్గా సరిపోయింది. మామూలు ప్రింటరు కాగితం మందం నాలుగు వేల వంతులు, అంటే కాగితంన్నర మందం సందు మూడంగుళాల తప్పు చేస్తోంది.

వెనకే ఎందుకు లేస్తోంది? స్కోపు బరువు బేస్‌కి అంగుళం పైగా ఎత్తులో ఉంది. తన్నుడప్పుడు ఆ బరువు ముందుకి తోస్తుంది, దాంతో బేస్ ముందు అంచు మీద వాలి వెనక అంచు లేవాలని చూస్తుంది. స్కోపు ముక్కు కిందికి వాలితే, దాన్ని చుక్క మీదికి తెచ్చేసరికి బారెల్ పైకి చూస్తుంది. అందుకే తూటా ఎప్పుడూ పైకే, ఒక్కసారీ కిందికి కాదు.

ఆ తోపు ఎంత? స్కోపుతో కలిపి తుపాకీ మూడున్నర పౌండ్లు. ఈ తూటాకి తుపాకీ సెకనుకి సుమారు 17 అడుగుల వేగంతో వెనక్కి వస్తుంది, అందులో ఎక్కువ భాగం గుండు బారెల్‌లో ఉన్న ఒక మిల్లీసెకను లోపే. అరపౌండు స్కోపుని అంత తక్కువ సమయంలో అంత వేగానికి లాక్కెళ్లాలంటే క్షణంపాటు 200 పౌండ్ల బలం కావాలి. దాన్ని మొత్తం మోసేది రెండు సన్న మరలు. 6-48 సైజు మర, పైపట్టీ మందం తక్కువ, పట్టుకునే పళ్లు ఆరు. పొడవాటి మర వేద్దామంటే కొన సిలిండరుకి తగులుతుంది. తన్నుడుకి అడ్డం నిలిచే గూటం బేస్ అడుగున లేదు. విప్పి చూస్తే బేస్‌లోని వెనక రంధ్రం గుండ్రం పోయి కోలగా తయారైంది. అల్యూమినియం మెత్తన, స్టీలు మర దాన్ని తొలిచేసింది.

ఎపాక్సీ సంగతి: ఫ్రేము మీద ఎపాక్సీ అంటుకోకుండా మైనం పూసి, బేస్ అడుగున స్టీలు కలిసిన ఎపాక్సీ పలుచగా రాసి, మరలు వేలి బిగుతుకే తిప్పి ఆరబెట్టి, తర్వాత టార్క్‌తో బిగించాలి. బేస్ అంతా సమంగా ఆనింది, మూడంగుళాల ఎక్కుడు అంగుళంపావుకి దిగింది. కానీ పోలేదు. కోల రంధ్రం కోలగానే ఉందిగా. గన్‌స్మిత్ చేత రంధ్రాలు 8-40 అనే లావు సైజుకి పెంచి కొత్త మరలు వేయిస్తే మర అడ్డుకోత వైశాల్యం సుమారు 40 శాతం పెరుగుతుంది. దానితోపాటు రెండు డవెల్ పిన్నులు (బేస్ జరగకుండా పట్టే చీలలు), బేస్ స్టీలుది. ఇదంతా చేయిస్తే నిలుస్తుందనే నా అంచనా. కానీ ఆ ఖర్చు కొత్త రివాల్వరు ధరలో మంచి వాటా అవుతుంది.

అందుకే ఇప్పుడు ఎంపికని తలకిందులు చేసి చూస్తున్నా. కొత్తగా కొనేవాళ్లకీ అదే చెప్తా: ముందు స్కోపు ఎక్కడ, దేన్ని పట్టుకుని కూర్చుంటుందో చూడండి, బ్రాండు, పైపూత మెరుపు తర్వాత.

రూగర్ సూపర్ రెడ్‌హాక్ 1987 నుంచి వస్తోంది. రింగులు పట్టే గుంటలు ఫ్రేములోనే చెక్కి ఉంటాయి, రింగు గూటం ఆ గుంటలో పడుతుంది, తన్నుడు మరల మీదికి రాదు. రింగులు పెట్టెలోనే వస్తాయి. ఏడున్నర అంగుళాలది 53 ఔన్సులు. చూడ్డానికి మోటు, మోసుకెళ్లడానికి బరువు, కానీ ఈ పనికి దీన్ని మించింది లేదనిపిస్తోంది. సూపర్ బ్లాక్‌హాక్ హంటర్‌కి ఆ గుంటలు బారెల్ మీది పట్టీలో ఉంటాయి. స్కోపు ముందుకి జరగడంతో హ్యామర్ దగ్గర బొటనవేలికి చోటు బాగా దొరుకుతుంది. సింగిల్ యాక్షన్ (ప్రతిసారీ హ్యామర్‌ని బొటనవేలితో ఎత్తాల్సిన రకం) గ్రిప్ చేతిలో దొర్లుతుంది, కొందరికి అది హాయి, నాకు రెండో తూటాకి పట్టు మళ్లీ సర్దుకోవడం ఇష్టం లేదు. టారస్ రేజింగ్ హంటర్ బారెల్ మీద పికాటినీ పట్టాలు (అడ్డ గాడులున్న మౌంటు పట్టీలు) సిద్ధంగా ఉంటాయి, ధర తక్కువ, బారెల్‌కి పోర్టులు (గ్యాసుని పైకి వదిలే రంధ్రాలు) ఉన్నాయి. పోర్టుల మోత చెవులకి చాలా చెడ్డది. వేటలో కూడా ఎలక్ట్రానిక్ మఫ్స్ (చెవి కప్పులు) లేకుండా దాన్ని కాల్చకండి. పట్టాలున్న దేనికైనా ఒక కిటుకు: రింగు అడ్డమరని గాడిలో ముందుకి తోసి పెట్టి బిగించాలి. అది ఎటూ ముందుకే జరగాలనుకుంటుంది, ఆ ఖాళీ ముందే తీసేస్తే జీరో మారదు.

స్కోపు విషయంలో నా ఓటు తేలికదానికే. ల్యూపోల్డ్ 2x20 (రెండింతలు పెద్దగా చూపే, 20 మిల్లీమీటర్ల ముందు కటకం ఉన్న స్కోపు) బరువు సుమారు 6 ఔన్సులు, 2.5-8x32 సుమారు 11. బరువు రెట్టింపుకి దగ్గరైతే మౌంటు మీది బలమూ అంతే పెరుగుతుంది. 8x చూసి మోజుపడేవాళ్లు ఒకసారి నిలబడి, చేతులు చాచి చూడండి. బొమ్మ అల్లల్లాడుతుంది, కన్ను కాస్త పక్కకి జరిగితే అంచులన్నీ నలుపు. సూర్యోదయానికి అరగంట ముందు నుంచీ, అస్తమయం తర్వాత అరగంట వరకూ టెక్సాస్‌లో కాల్చొచ్చు. ఆ మసక వెలుతురులో 2x20 కంటికి 10 మిల్లీమీటర్ల వెలుగుచుట్ట ఇస్తుంది, 32 కటకాన్ని 8x మీద పెడితే 4. పెద్ద స్కోపు కొన్నా వేటలో 3x దాటనివ్వకండి.

జీరో 75 గజాల దగ్గర. ఈ తూటాకి నా లెక్క ప్రకారం 50 దగ్గర సుమారు అంగుళం పైన, 100 దగ్గర రెండున్నర కింద. జింక గుండె-ఊపిరితిత్తుల చోటుకి ఏ సవరణా అక్కర్లేదు. 50 దగ్గర జీరో పెడితే 100 దగ్గర నాలుగంగుళాలకి పైగా పడిపోతుంది. ఎంత దూరంలో ఆరుకి ఆరూ ఆరంగుళాల పళ్లెంలో పడతాయో, బెంచీ మీంచి కాదు, వేటలో కూర్చునే తీరులో, అదే మీ హద్దు.

చట్టం సంగతి అడుగుతున్న మనవాళ్ల కోసం. టెక్సాస్‌లో జింకకి సెంటర్‌ఫైర్ కాట్రిడ్జే (అడుగు మధ్యలో తాకితే పేలే తూటా) ఉండాలి, రిమ్‌ఫైర్ (అంచు మీద తాకితే పేలేది) కుదరదు. 1971 సెప్టెంబరు 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ అవసరం. హెచ్-1బీ లాంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసా మీదున్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉండటం అందులో ఒక మినహాయింపు. రేంజిలో స్నేహితుడి తుపాకీ పట్టుకునేముందే ఇమిగ్రేషన్ లాయరుతో మాట్లాడండి. గ్రీన్‌కార్డుకి ఈ నిషేధం లేదు. మిగతా రాష్ట్రాల్లో బారెల్ పొడవు, క్యాలిబరు నియమాలు వేరు, ఆ ఏటి వేట నియమాల పుస్తకం చూసుకోవాలి. సెలవుల్లో ఇంటికెళ్లి చూపిద్దామనే ఆలోచన మాత్రం వద్దు, 1972 వన్యప్రాణి రక్షణ చట్టం తర్వాత మన దగ్గర దుప్పి మీద, కృష్ణజింక మీద గురిపెట్టడం జైలు పని.

తర్వాతి పని: పాత .44 మీది బేస్ విప్పేసి, ఫ్యాక్టరీ సైటు తిరిగి పెట్టి, దాన్ని 40 గజాల లోపు పొదల వేటకి ఉంచుతున్నా. వాడిన సూపర్ రెడ్‌హాక్ ఒకటి చూసి పెట్టాను. కొనేముందు గుంటల అంచులు నలిగాయా, సిలిండరు సందు 8 వేల వంతుల లోపుందా, హ్యామర్ ఎత్తినప్పుడు ఆరు గదులూ గట్టిగా తాళం పడుతున్నాయా చూడాలి. అది చేతికొస్తే 2x20 పెట్టి, అవే తెల్ల గీతలు గీసి, 240తో మొదలుపెట్టి తర్వాత 300 గ్రెయిన్ల బరువు గుండు మీదికి వెళ్తాను. బరువు గుండుకి తన్నుడు ఎక్కువ, రింగుల అసలు పరీక్ష అదే. గీతలు, ఫీలర్ గేజ్ అంకెలు, గ్రూపుల ఎత్తు అప్పుడు ఇక్కడే పెడతాను.