ఇగ్వానా ఎన్‌క్లోజర్‌లో మొక్కలు, మట్టి: నా అనుభవం

గ్రీన్ ఇగ్వానా ఆకులు తిని బతికే పెద్ద బల్లి జాతి జంతువు. గెక్కోలకూ పాములకూ చెప్పే మొక్కల జాబితా దీనికి పనికిరాదు. ఎన్‌క్లోజర్ (దాన్ని పెంచే పెద్ద గూడు) లోపల పెట్టిన ఏ మొక్కనైనా ఇవాళ కాకపోతే రేపు కొరుకుతుంది. అందుకే మొక్కను అలంకారంగా కాకుండా మేతగానే లెక్కేసి ఎంచుకున్నాను. (ఇది సైటీస్ అనే అంతర్జాతీయ వన్యజీవుల వ్యాపార ఒప్పందం రెండో అనుబంధంలోని జాతి. 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ పోర్టల్‌లో నమోదు తప్పనిసరి. ముందు ఆ పని చూసుకోండి.)

మొట్టమొదట మనీ ప్లాంట్‌ను పక్కన పెట్టాను. దాని ఆకులో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు ఉంటాయి. కొరకగానే నోట్లో గుచ్చుకుని నాలుక వాస్తుంది, చొంగ కారుతుంది, జంతువు మేత మానేస్తుంది. డైఫెన్‌బేకియా, సింగోనియం, ఫిలోడెండ్రాన్, చేమ కూడా అదే కుటుంబం. గన్నేరు, పచ్చగన్నేరు, ఎడారి గులాబీ గుండెను దెబ్బతీస్తాయి. బిళ్లగన్నేరు, నందివర్ధనం, క్రోటన్, లాంటానా, ఉమ్మెత్త కూడా వద్దు. ఆకు తుంచినప్పుడు తొడిమ దగ్గర తెల్లటి పాలు ఊరే మొక్కను నేను లోపలికి రానివ్వను. అలాగని పాలు లేనిదల్లా మంచిదనుకోకూడదు, మనీ ప్లాంట్‌కు పాలుండవు.

చివరికి మందారం మీద స్థిరపడ్డాను. ఆకు, మొగ్గ, పువ్వు అన్నీ తినొచ్చు, కొమ్మా గట్టిది. కింది భాగానికి స్పైడర్ ప్లాంట్ చాలు.

అసలు చిక్కు నర్సరీ మందారంతోనే. దానికి పిండినల్లి (తెల్లటి పిండిలా పట్టే పురుగు) బెడద ఎక్కువ కాబట్టి ఇమిడాక్లోప్రిడ్ లాంటి మందులు కొడుతుంటారు. అది మొక్క లోపలికి ఇంకే మందు, ఆకును ఎంత కడిగినా పోదు. మట్టిలో గుళికలు వేసి ఉండే అవకాశమూ ఉంది. నర్సరీలకు పేరుపడ్డ కడియం నుంచి హైదరాబాద్ చేరేలోపు మొక్కకు ఎవరు ఏం కొట్టారో అమ్మేవాళ్లకు కూడా తెలియదు. మందు ఎరగని పెరటి మందారం కొమ్మే నయం. పెన్సిల్ మందాన 15 సెం.మీ. ముక్కను కణుపు కింద ఏటవాలుగా కోసి, కింది ఆకులు తీసేసి, వానాకాలంలో తడి ఇసుకలో గుచ్చితే నెల, నెలన్నరలో వేళ్లు పడతాయి. కొనక తప్పకపోతే పాత మట్టంతా దులిపి, వేళ్లు కడిగి, కొత్త మట్టిలో నాటాలి. ఉన్న ఆకులన్నీ కత్తిరించేసి కనీసం మూడు నెలలు బయటే పెంచాలి, ఇంకా ఆగగలిగితే మరీ మంచిది.

మట్టికి జల్లించిన ఎర్రమట్టి రెండు పాళ్లు, కడిగిన కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) రెండు పాళ్లు, ఏటి ఇసుక ఒక పాలు, బాగా మాగిన ఆకు ఎరువు అర పాలు కలుపుతాను. కోకోపీట్‌లో ఉప్పు ఉంటుంది. నానబెట్టి, పిండి, నీళ్ల ముదురు గోధుమ రంగు పలచబడేదాకా మారుస్తూ ఉండాలి. లేకపోతే మందారం ఆకుల అంచులు మాడతాయి. పెర్లైట్ (మట్టిలో కలిపే తేలికపాటి తెల్ల గుళికలు), రసాయన ఎరువుల గుళికలు, వేపపిండి, పశువుల ఎరువు వద్దు. ఇగ్వానా ప్రతిదాన్నీ నాలుకతో తాకి చూస్తుంది, పిల్లలైతే మట్టి కూడా తింటాయి. ఇసుకా పెర్లైటూ పేగుల్లో అడ్డుపడే ప్రమాదం ఉంది. అందుకని మట్టిని ఎన్‌క్లోజర్ నేల మీద పరచను. కుండీలోనే ఉంచి, పైన జంతువు తలకాయ కంటే పెద్ద గులకరాళ్లు పేరుస్తాను. రాళ్లు చిన్నవైతే వాటినే మింగుతుంది.

కుండీ 12 అంగుళాల సిమెంటుది, ఫ్రేముకు తీగతో కట్టేయాలి. పెద్ద ఇగ్వానా నాలుగైదు కిలోలు తూగుతుంది, ప్లాస్టిక్ కుండీని పడేస్తుంది. ఇగ్వానా ఎండ కాచుకున్నట్టు వేడి దీపం కింద పడుకునే చోటు 35 డిగ్రీలు దాటుతుంది కాబట్టి మొక్క ఆ దీపానికి కనీసం అర మీటరు దూరంలో ఉండాలి. లోపలి వెలుతురు మందారానికి చాలదు. రెండు మొక్కలు పెంచి, పది పదిహేను రోజులకోసారి లోపలిదాన్ని బాల్కనీకి, బాల్కనీలోదాన్ని లోపలికి మార్చాలి. చోటు మారగానే మొగ్గలు రాలితే కంగారు వద్దు, కొత్త వెలుతురుకు అలవాటు పడుతోందంతే. మట్టి మీద చిన్న నల్ల దోమలు ముసిరితే నీళ్లు ఎక్కువయ్యాయని అర్థం. పైన రెండంగుళాలు ఆరేదాకా పోయకండి.

పిండినల్లి పట్టిందంటే మొక్కను వెంటనే బయటికి తెచ్చేయాలి. వేపనూనె కూడా కొట్టకుండా, సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూదితో కణుపు కణుపూ తుడిచి, మంచినీళ్లతో కడగాలి. ఆకుల వెనక, కొమ్మ చీలే చోట దూదిలాంటి తెల్లటి ముద్దలు మళ్లీ కనిపించకుండా రెండు వారాలు గడిస్తేనే లోపలికి.