కుంగిన బండ, మూడు ఎస్టిమేట్లు

ఆదివారం, తెనాలి

పొద్దున కాఫీ తాగాక భోజనాల బల్ల మీద మూడు కాగితాలు పరిచాను. హాల్లో కిటికీ పక్కన కుంగిన నేల బాగు చెయ్యడానికి ముగ్గురు ఇచ్చిన ఎస్టిమేట్లు అవి. మొదటి అబ్బాయి 31,000 అన్నాడు. రెండో కాంట్రాక్టరు 78,754 రాసి, జీఎస్టీ వేరే అన్నాడు. మూడో ఆయన ముసలి మేస్త్రీ. "విప్పి చూడందే చెప్పలేనమ్మా" అని వెళ్లిపోయాడు. ఆ మాటే ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను.

వారం నుంచీ ఇదే టెన్షన్. రంగులకీ, వైరింగుకీ ఎంత అవుతుందో పక్కింటి వాళ్లను అడిగితే తెలిసింది. నేల సంగతి అలా అడిగి తెలుసుకునేది కాదు, ఒక్కో ఇంటి నేల ఒక్కో రకం. మా ఆయన "మధ్యలో ఏ 50 వేలకో ఎవరైనా దొరుకుతారేమో చూద్దాం" అన్నారు. నాకు ఆ మాట నచ్చలేదు. రెండు రేట్లకి మధ్యలో ఉన్నంత మాత్రాన అది న్యాయమైన రేటు ఎలా అవుతుంది?

పోయిన నెల అత్తయ్య చేతికర్ర ఆ కుంగిన బండ అంచుకి తగిలి, ఆవిడ ముందుకి తూలారు. కిటికీ ఊచ అందింది కాబట్టి సరిపోయింది. ఆవిడకి 79 ఏళ్లు. ఆ రోజు నుంచి ఆవిడ హాల్లో గోడ వారనే నడుస్తున్నారు. తన ఇంట్లో తనే భయపడుతూ నడవడం చూస్తుంటే నాకు కడుపులో దేవినట్టు ఉంటోంది. అందుకే మిగతా పనుల కన్నా ఈ పని మీదే నా పట్టు.

ఇల్లు 1984లో మామయ్య కట్టించారు. హాలంతా బేతంచెర్ల నాపరాళ్లు, రెండడుగుల చదరాలు. ఇన్నేళ్లు తడిగుడ్డ పెట్టి తుడవగా తుడవగా నున్నగా, చల్లగా అయ్యాయి. ఎండాకాలం మధ్యాహ్నం చాప కూడా లేకుండా దాని మీద పడుకుంటే వచ్చే నిద్ర ఏ ఏసీ గదిలోనూ రాదు.

సరే, ముందు కొలతల సంగతి తేల్చుకుందామని టేపు తీశాను. ఆయన బజారుకి వెళ్లారు. అత్తయ్య కుర్చీ గోడకి ఆనించి వేసుకుని టేపు కొన పట్టుకున్నారు. పొడవు 20 అడుగులు, వెడల్పు 13. అంటే 260 చదరపు అడుగులు. రెండో కాంట్రాక్టరు కాగితంలో మాత్రం 312 అని ఉంది. తప్పు రాశాడేమో అనుకుని మళ్లీ కొలిచాం. అదే 260. అరగంట కూర్చుని ఆలోచిస్తే అప్పుడు తట్టింది. మా గోడలు తొమ్మిది అంగుళాలవి. గోడల మందం కూడా కలుపుకుని బయటి నుంచి బయటికి లెక్కేస్తే 21.5 ఇంటూ 14.5, దాదాపు 312. అంటే గోడల కింద ఉన్న చోటుకి కూడా పాత నేల పగలగొట్టినందుకు 20, కాంక్రీటు బెడ్ వేసినందుకు 60, టైల్స్ పరిచినందుకు 40 చొప్పున కూలి వేశాడు. ఆ 52 అడుగుల మీదే 6,240 రూపాయలు.

ఫోన్ చేసి అడిగాను. కోపంగా కాదు, మామూలుగానే. "అందరూ అలాగే కొలుస్తారు మేడమ్" అన్నాడు. "అందరి సంగతి కాదు బాబూ, గోడ కింద నువ్వు టైల్ వెయ్యవు కదా" అన్నాను. కాసేపు ఆగి, కూలికి 260, టైల్స్ సరుకుకి 280 రాస్తానన్నాడు. దానికి ఒప్పుకున్నాను. కోతల్లో కొంత పోతుంది, పైగా రేపు ఒకటి పగిలితే అదే రంగు అదే బ్యాచిలో దొరకదు. ఒక పెట్టె అటకమీద ఉండటం మంచిదే. రెండడుగుల టైల్స్ నాలుగున్న పెట్టెను 16 చదరపు అడుగులుగా అమ్ముతారు కానీ, 600 మిల్లీమీటర్ల లెక్కన నిజానికి వచ్చేది 15.5 అడుగులే. ఆ తేడా కూడా చూసుకోవాలి.

రబ్బిష్ ఎత్తడానికి నాలుగు ట్రాక్టర్లు అని ఇంకో 8,000 రాశాడు. దానికీ లెక్క వేశాను. బండ, కింద మాలు కలిపి మూడు అంగుళాలు అనుకుంటే 65 ఘనపుటడుగులు. పగిలాక గుల్లబారి ఒకటిన్నర రెట్లు అవుతుంది, అంటే సుమారు 100. ఒక ట్రాక్టర్ ట్రక్కుకి సరిపోతుంది. కాంక్రీటు బెడ్ కోసం కింద నాలుగు అంగుళాల మట్టి తవ్వితే ఇంకో ట్రక్కు. రెండు చాలు. అయితే మా సందులోకి ట్రాక్టర్ రాదు. తట్టలతో మలుపు దాకా మొయ్యాలి. ఆ మోత కూలి గుర్తొచ్చాక 8,000లో మరీ ఎక్కువ తగ్గించమని అడగబుద్ధి కాలేదు. ఎండలో ఆ తట్టలు మోసేవాళ్ల కూలి దగ్గర బేరం ఆడి మిగుల్చుకునేది ఏముంటుంది?

ఇతని కాగితంలో నాకు నచ్చిన మాట కూడా ఒకటుంది. నేల ఊరికే కుంగదు, కింద ఏదో జరిగింది, పగలగొట్టి గట్టి చెయ్యాలి అని ఇతనికి తెలుసు. 31,000 చెప్పిన అబ్బాయి అది అసలు పట్టించుకోలేదు. అతని కొలత సరిగ్గా 260, రేట్లూ సరైనవే. ఒక్క రూపాయి ఎక్కువ వెయ్యలేదు. కానీ పాత బండల మీదే అడ్హెసివ్‌తో టైల్స్ అతికించేస్తానంటాడు. కుంగినది ఒకటిన్నర అంగుళం. అడ్హెసివ్ కొన్ని మిల్లీమీటర్ల మందంలో వాడే సరుకు, గుంతలు పూడ్చేది కాదు. పైన ఎంత అతికించినా కింద మట్టి జారుతూ ఉంటే కొత్త టైలూ కుంగుతుంది, లేదా పగులుతుంది. పైగా నేల అర అంగుళం పైనే లేచి నాలుగు తలుపుల అడుగులు చెక్కాలి, వడ్రంగి కూలి వేరే. గడప ఎత్తు తగ్గుతుంది. వంటింటికీ హాలుకీ మధ్య కొత్త మెట్టు లాంటి అంచు వస్తుంది, అత్తయ్య కర్ర దానికీ తగులుతుంది. ఇవేవీ ఆ 31,000లో లేవు. అతను మంచి పిల్లవాడే, వద్దని చెప్పడానికి మొహమాటపడ్డాను.

నాలుగింటికి మేస్త్రీ వచ్చాడు. చెప్పులు బయట విడిచి, "పెద్దమ్మగారు బాగున్నారా" అని అత్తయ్యను పలకరించి, నేల మీద గొంతుకూర్చున్నాడు. తాపీ పిడితో ఒక్కో బండా కొట్టుకుంటూ పోయాడు. కొన్ని ఖంగుమన్నాయి, కొన్ని డొల్లగా పలికాయి. డొల్లగా ఉన్న ప్రతిదాని మీదా సుద్దముక్కతో గీత పెట్టాడు. 65 బండల పైన ఉన్న హాల్లో గీతలు పడ్డవి 22. "మీ మామయ్య కూడా లారీ దగ్గర నిలబడి ప్రతి బండనీ ఇలాగే కొట్టి చూశారమ్మాయ్" అన్నారు అత్తయ్య.

తర్వాత కుంగిన బండ దర్జులు ఉలితో చెక్కి, గునపం మొన పెట్టి పైకి లేపాడు. బండ పగలకుండా వచ్చింది. కింద మాలు పెచ్చులా వేలాడుతోంది, దాని కింద మట్టే లేదు. మేస్త్రీ చెయ్యి మోచేతి దాకా లోపలికి పోయింది. పందికొక్కు బొరియ, వీధి కాలువ వైపు నుంచి వచ్చింది. చేతికి తడి మట్టి అంటుకుంది. గోడ అవతల వాష్ బేసిన్ నీళ్లు పోయే పైపు జాయింటు దగ్గర ఎన్నాళ్ల నుంచో కారుతోంది. ఆ నీళ్లతో ఫిల్లింగ్ అంతా బొరియలోకి జారిపోయింది. ఆ 31,000 పెట్టి ఉంటే ఈ గుంత మీదే కొత్త టైల్స్ మెరిసేవి.

అప్పుడు కూర్చుని రేటు మాట్లాడుకున్నాం. రోజు కూలి అంటే పని సాగుతుందేమోనని నా భయం. మొత్తానికి ఒక రేటు కట్టమంటే కింద ఇంకేం ఉందోనని ఆయన భయం. రెండూ న్యాయమైన భయాలే. అందుకని విడగొట్టాం. లోపల ఏముందో తెలియని పనికి, అంటే బండలు తీసి, బొరియని గాజు పెంకులూ కాంక్రీటూ వేసి మూసి, గ్రావెల్ నింపి నీళ్లు పెట్టి దిమ్మిసతో కొట్టడానికి రోజు కూలి. మేస్త్రీకి 1,100, ఇద్దరు కూలీలకి 800 చొప్పున, రెండు రోజులు. దాటితే మళ్లీ మాట్లాడుకోవాలి. తెలిసిన పనికి అడుగుల లెక్క. ఆ 22 బండలూ తిరిగి పరిచినందుకు 88 అడుగులకి 45 చొప్పున, హాలంతా పాలిష్ పట్టినందుకు 260 అడుగులకి 18 చొప్పున. మొత్తం 14,040. గ్రావెల్, ఇసుక, మూడు బస్తాల సిమెంటు మేమే తెస్తాం. ప్లంబర్ ఖర్చు వేరే.

రేటు తక్కువ అన్న కారణంతో నేను దీనికి ఒప్పుకోలేదు. ఇదే పనికి 40,000 అన్నా ఒప్పుకునేదాన్ని, ఎందుకంటే ముగ్గురిలో బండ ఎత్తి చూసింది ఈయన ఒక్కడే. రెండో కాంట్రాక్టరుకి ఫోన్ చేసి వద్దని చెప్పాను. బాత్రూం టైల్స్ పని అతనికే ఇస్తానన్నాను. లోపలి కొలతలతో మళ్లీ ఎస్టిమేట్ పంపుతానన్నాడు.

రాత్రి తొమ్మిదైంది. గుంత మీద చెక్క వేసి, చుట్టూ రెండు కుర్చీలు అడ్డం పెట్టాం. తీసిన బండ గోడకి ఆనించి ఉంది, అడుగున ఇంకా తడి ఉంది. ప్లంబర్ రేపు ఎనిమిదింటికి వస్తానన్నాడు. ఇది రాస్తుంటే హాల్లోంచి టక్ టక్ మని చప్పుడు. వెళ్లి చూస్తే అత్తయ్య దివాన్ మీద కూర్చుని చేతికర్రతో అందినంత మేర బండలు కొట్టి చూస్తున్నారు.

"అమ్మాయ్, ఇది కూడా డొల్లే. గీత పెట్టలేదు."

వంగి నేనూ కొట్టి విన్నాను. డొల్లే. అలమరలోంచి సుద్దముక్క తెచ్చి గీత పెట్టాను. 23.